జింక మెట్లెక్కిన సంగతి

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో అతన్ని అందరూ జింక అంటారు. పెట్టిన రోజుల్లో అది మెచ్చుకుంటూ పెట్టిన పేరే. అప్పట్లో భుజాన ఇనప తాడు చుట్ట వేసుకుని, ఎంత ఎత్తు మేడైనా రెండేసి మెట్లు దాటుకుంటూ ఎక్కిపోయేవాడు. ఇప్పుడు నలభై దాటి చాలాకాలమైంది. పొట్ట ముందు నడుస్తుంటే మనిషి దాని వెనకాల వస్తున్నట్టుంటాడు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. కొత్తగా చేరినవాళ్ళు "జింకగారంటే ఎవరండీ?" అని అడిగి, అతన్ని చూశాక నవ్వు ఆపుకోలేక దగ్గేవారు. అతనూ వాళ్ళతో కలిసి నవ్వేసేవాడు. నవ్వితే పోయేదేముంది అనుకునేవాడు.

ఒకరోజు సాయంత్రం ఇంటికి బయల్దేరబోతుంటే ఫోను వచ్చింది. దగ్గర్లోనే ఉన్న తొమ్మిదంతస్తుల మేడలో లిఫ్టు ఆగిపోయింది, లోపల మనిషి ఉన్నారు అని. అతను వెళ్ళేసరికి వాచ్‌మన్ గేటు బయటే నిలబడి ఉన్నాడు.

"తొందరగా రండి సార్. పై అంతస్తులో ఉండే లెక్కల టీచర్‌గారు. బళ్ళోంచి వచ్చి ఇలా ఎక్కారో లేదో, నాలుక్కీ అయిదుక్కీ మధ్యలో ఆగిపోయింది. ఇప్పటికే చాలాసేపైంది."

ఆ మేడకి ఉన్నది ఒకటే లిఫ్టు. దాని మోటారు డాబా మీద చిన్న గదిలో ఉంటుంది. పైకెళ్ళి, కరెంటు కట్టేసి, బ్రేకు వదిలించి, చక్రాన్ని చేత్తో తిప్పి లిఫ్టుని ఏదో ఒక అంతస్తుకి సరిగ్గా తీసుకురావాలి. తర్వాత కిందికొచ్చి తాళంచెవితో తలుపు తియ్యాలి. ఇన్నేళ్ళలో అతను ఎన్నోసార్లు చేసిన పని. పైదాకా ఎక్కడం తప్ప అందులో కష్టమేమీ లేదు.

మూడో అంతస్తు దగ్గర గుండె చప్పుడు చెవుల్లో వినపడసాగింది. అయిదు దాటేసరికి మోకాళ్ళు వణికాయి. ఆరో అంతస్తులో కళ్ళ ముందు నల్లటి చుక్కలు ఆడి, గోడ పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. పనిముట్ల సంచి పక్కకి ఒరిగింది. అతను కూర్చున్న చోటు నించి చెయ్యి చాస్తే ఆ అంతస్తు లిఫ్టు తలుపు అందుతుంది. ఆ తలుపు వెనక, కొంచెం కింద నుంచి, తడుతున్న చప్పుడు వినిపించింది.

"ఎవరైనా ఉన్నారా? కొంచెం తొందరగా చూడండి, ప్లీజ్."

అతనికి జవాబు చెప్పడానికి ఊపిరి లేదు. ఉన్నా చెప్పేవాడు కాదేమో. చెబితే మోటారు గదిలో ఉండాల్సిన మనిషి ఆరో అంతస్తులో కూర్చున్నాడని తెలిసిపోతుంది. ఆవిడ మళ్ళీ తట్టింది. మళ్ళీ పిలిచింది. ఈసారి గొంతు మారింది, ఏడుపు ఆపుకుంటున్నట్టుంది. ఇంతలో జేబులో ఫోను మోగింది. కింద నుంచి వాచ్‌మన్.

"ఎంతవరకొచ్చింది సార్?"

"బ్రేకు బిగుసుకుపోయింది," అన్నాడు జింక రొప్పుతూ. "విప్పుతున్నా."

ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే అతనే ఆశ్చర్యపోయాడు. "బ్రేకు బిగుసుకుపోయిందంట!" అని వాచ్‌మన్ కింద అందరికీ అరిచి చెప్పడం మెట్ల సందులోంచి వినపడింది.

చివరికి లేచాడు, గోడ పట్టుకుని పైకెళ్ళాడు. బ్రేకు శుభ్రంగా ఉంది, నూనె పెట్టినట్టు కదిలింది. చక్రం తిప్పి లిఫ్టుని అయిదో అంతస్తుకి తెచ్చి, దిగివచ్చాడు. అక్కడ మేడలోని సగం మంది గుమిగూడి ఉన్నారు. పిల్లలు ముందు వరసలో నిలబడ్డారు. అతన్ని చూడగానే అందరూ దారి ఇచ్చారు. తాళంచెవి పెట్టి తిప్పి, తలుపుని బార్లా తెరిచాడు.

లెక్కల టీచరు మూలకి నిలబడి ఉంది. చేతిసంచీనీ, పిల్లల పరీక్ష పేపర్ల కట్టనీ కడుపుకి అదుముకుని ఉంది. ఆవిడ కాళ్ళ కింద నేలంతా తడి.

"అమ్మా, అక్కడ నీళ్ళు..." అన్నాడు ఓ పిల్లాడు. తల్లి వాడి నోరు మూసింది. వెనక ఎవరో ముక్కుతో నవ్వారు.

ఆవిడ ఎవరివంకా చూడలేదు. అతన్ని దాటుతున్నప్పుడు "థ్యాంక్స్" అంది, చాలా చిన్నగా. తర్వాత మెట్లెక్కి వెళ్ళిపోయింది. తడి చెప్పుల చప్పుడు పైదాకా వినపడింది.

"పాపం, చూడండి, ఈయన చొక్కా కూడా ఎలా తడిసిపోయిందో," అంటూ ఒకాయన అతని చేతికి చల్లటి నీళ్ళ సీసా ఇచ్చాడు. "బ్రేకు విప్పడమంటే మాటలా!"

అతను ఆ నీళ్ళు తాగాడు. దాహంగా ఉంది మరి.

ఆ రాత్రి అన్నం సయించలేదు. భార్య కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది, ఎదుటివాళ్ళ మొహంలోకి తేరిపార చూడటం ఆవిడకి అలవాటు. "ఏమైందండీ?" అని రెండుసార్లు అడిగింది. "ఒంట్లో బాలేదు," అన్నాడు. అది కూడా అబద్ధమేనని చెప్పలేం.

ఆ ఆదివారం బాల్కనీలో ఉన్న సైకిలు మీంచి తడి తువాళ్ళు తీసేశాడు. అది బావమరిది కొనుక్కున్న సన్నచక్రాల సైకిలు. కొన్న కొత్తలో ప్రపంచమంతా చుట్టొస్తానన్నాడు. ఆ సైకిలుంటే తను ఆ ఇంట్లో ఉండనని బావమరిది భార్య తేల్చి చెప్పేసరికి, అక్కగారి బాల్కనీకి తెచ్చి పడేశాడు. అప్పట్నుంచీ అది బట్టలారేసుకోవడానికి పనికొస్తోంది.

"బావా, నువ్వా? సైకిలా?" అన్నాడు బావమరిది గాలి కొట్టడానికి పంపు పట్టుకొచ్చి. "సరే, ఎక్కితే ఎక్కావు గానీ ఈ నిక్కరు వేసుకో. లోపల మెత్త ఉంటుంది. లేకపోతే రేపు కూర్చోలేవు, చెప్తున్నా."

ఆ నిక్కరు వేసుకుని అద్దంలో చూసుకుంటే కట్టు తెగిన పరుపులా కనిపించాడు. పైన పని ప్యాంటు తొడుక్కుని దాన్ని దాచాడు. వంతెన ఎక్కడం మొదలుపెట్టాక సగంలోనే దిగి సైకిలు తోసుకుంటూ నడిచాడు. పక్కనుంచి కూరగాయల బండి తొక్కుకుంటూ ఒక ముసలాయన, "చైను ఊడిందా బాబూ?" అని అడిగాడు. "అవునండీ," అన్నాడు జింక. తర్వాత వంతెన దిగేదాకా తనని తాను తిట్టుకున్నాడు. మళ్ళీ అబద్ధమే. ఏదో ఒకటి ఊడిందనో, బిగుసుకుందనో చెప్పకుండా ఉండలేడా తను?

పరుగు మరీ ఘోరం. ఎవరూ చూడకూడదని రైలు గోదాముల వెనక రోడ్డు ఎంచుకున్నాడు. తెల్లారుతుండగా అక్కడికి సైకిలు మీద వెళ్ళి, దాన్ని కంచెకి కట్టేసి పరిగెత్తేవాడు. పరుగంటే ఒక దీపస్తంభం నుంచి ఇంకో దీపస్తంభం దాకా, తర్వాత నడుం మీద చేతులేసుకుని ఆకాశం వంక చూడటం. రోజూ అదే వేళకి కుక్కతో వచ్చే ఒక పెద్దావిడ అతన్ని నడుస్తూనే దాటిపోయేది. కుక్క మాత్రం కొంచెం ముందుకెళ్ళాక కూర్చుని, అతనొచ్చేదాకా జాలిగా చూసేది. వాళ్ళిద్దరూ కనబడగానే అతను షూ తాడు కట్టుకుంటున్నట్టు వంగేవాడు.

ఊపిరి అందని ప్రతిసారీ తలుపు మీద తట్టిన చప్పుడు గుర్తొచ్చేది. దాన్ని పక్కకి నెట్టాలని ఇంకో స్తంభం దాకా పరిగెత్తేవాడు. కొంతమంది బరువు తగ్గాలని పరిగెడతారు, కొంతమంది పందెం కోసం. అతను మాత్రం ఎవరో వెనకనుంచి పిలుస్తున్నట్టూ, వెనక్కి తిరగకూడదన్నట్టూ పరిగెత్తేవాడు.

వానాకాలం వెళ్ళాక జిమ్ములో కూడా చేరాడు. అది ఒక బ్యాంకు కింద నేలమాళిగలో ఉంటుంది. అక్కడి కోచ్ ఒక అమ్మాయి, అతని భుజం దాకా కూడా రాదు. ఒకప్పుడు బరువులెత్తే పోటీల్లో ఆడిందట. మొదటి రోజే అతన్ని ఎగాదిగా చూసి, "ఎందుకొచ్చారు అంకుల్? షుగరా, బీపీనా, ఇంట్లో పెళ్ళా?" అంది.

"మెట్లు," అన్నాడు. అంతకంటే ఏం చెప్పాలో తెలియలేదు.

"మెట్లు మంచి కారణమే," అంది ఆ అమ్మాయి. "ఎక్కువమంది అద్దం కోసమే వస్తారు."

బరువులు తగిలించని ఖాళీ ఇనప బారుని నేల మీంచి ఎత్తించింది. నడుం వంచకుండా ఎలా కూర్చోవాలో, బారుని కాళ్ళకి రాసుకుంటున్నట్టు ఎలా లేపాలో నేర్పింది. కాస్త బరువు పెంచగానే అతను ఊపిరి బిగబట్టి, మొహం ఎర్రగా చేసుకుని పళ్ళు కొరికేవాడు.

"గాలి అలా దాచుకుని ఏం చేసుకుంటారు అంకుల్, వదలండి! పైకి లేచాక వదిలేయండి."

పక్కనే కుర్రాళ్ళు అతను ఎత్తేదానికి రెట్టింపు బరువుని కబుర్లు చెప్పుకుంటూ ఎత్తేవారు. అతను మూలకి, అద్దానికి వీపు పెట్టి నిలబడేవాడు. కానీ ఒళ్ళు మాట వినే జంతువు. విసుక్కుంటూనే నేర్చుకుంది. దీపస్తంభాలు లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాడు. వంతెన మీద దిగకుండా తొక్కడం మొదలైంది. ఒకరోజు కుక్కనీ పెద్దావిడనీ దాటి ముందుకెళ్ళిపోయాడు. "ఆహా!" అందావిడ వెనకనుంచి. కుక్క కాసేపు అతనితో పాటు పరిగెత్తి, ఆయాసపడి ఆగిపోయింది.

కంపెనీలో కూడా చూస్తూనే ఉన్నారు. "జింక మళ్ళీ జింకయ్యాడ్రోయ్!" అని అరిచారు భోజనాల గదిలో. సూపర్‌వైజర్ కొత్తవాళ్ళకి అతన్ని చూపించి, "ఈ వయసులో ఆ పట్టుదల చూడండి," అన్నాడు. అతనికి సంతోషమే కలిగింది. దాచుకోవడానికి లేనంత సంతోషం. కొన్ని రోజులు అసలు ఎందుకు మొదలుపెట్టాడో కూడా మర్చిపోయాడు. గుర్తొచ్చినప్పుడు మాత్రం ఒళ్ళంతా చీదర పుట్టేది. ఆవిడ తడి చెప్పులతో మెట్లెక్కింది. దాన్నించి తనకి దక్కింది సన్నటి నడుమూ, నలుగురి మెప్పూ.

ఆ మేడకి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. దాని పని ఇంకో మెకానిక్‌కి ఇచ్చి, బదులుగా దూరంగా ఉన్న ఆస్పత్రి లిఫ్టుల పని తీసుకున్నాడు. ఆ మెకానిక్ మణికట్టు విరగ్గొట్టుకోవడంతో తప్పలేదు. నెలవారీ తనిఖీకి అతనే వెళ్ళాల్సి వచ్చింది.

వాచ్‌మన్ గుర్తుపట్టలేదు. దగ్గరకొచ్చి చూశాక, "అమ్మో, సార్! సగమైపోయారేంటి?" అన్నాడు.

లిఫ్టు పనిచేస్తున్నా జింక మెట్ల మీదే బయల్దేరాడు. భుజాన సంచీతో, ఎక్కడా ఆగకుండా. ఆరో అంతస్తు దాటినప్పుడు ఊపిరి నిమ్మళంగా ఉంది. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, ఛాతీ పొంగింది. ఎనిమిదో అంతస్తు మలుపులో గోడ వారగా ఒక ప్లాస్టిక్ కుర్చీ కనిపించింది. అందులో లెక్కల టీచరు కూర్చుని, కుడి మోకాలు నొక్కుకుంటోంది. ఒళ్ళో పేపర్ల కట్ట.

అతను నిలబడిపోయాడు.

"లిఫ్టు బాగానే ఉంది కదా మేడమ్?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి గనక.

"ఉండొచ్చు. నేను ఎక్కట్లేదు," అంది ఆవిడ. అతన్ని గుర్తుపట్టలేదు. "ఇది నా కుర్చీనే. మీరు వెళ్ళండి, దారుంది."

"ఎప్పట్నుంచి ఎక్కట్లేదు?"

ఆవిడ అప్పుడు తలెత్తి చూసింది. చొక్కా మీద కంపెనీ గుర్తు చూసింది, తర్వాత మొహం చూసింది. మోకాలి మీద చెయ్యి ఆగిపోయింది.

ఏడాది పైగా ప్రతి పొద్దూ పరిగెత్తినప్పుడల్లా, ఈ మాట చెప్పాల్సి వస్తే ఎలా చెప్పాలో అతను ఎన్నోరకాలుగా అనుకున్నాడు. వాటిల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"ఆ రోజు బ్రేకు బిగుసుకోలేదండీ. నేనే ఎక్కలేకపోయాను. ఆరో అంతస్తులో కూర్చుండిపోయాను. అందుకే ఆలస్యమైంది. బ్రేకని అబద్ధం చెప్పాను."

ఆవిడ ఒళ్ళో కట్ట సరిచేసుకుంది. కింద ఎక్కడో లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడైంది.

"ఆరో అంతస్తులోనా?" అంది చివరికి. "అయితే నేను తట్టడం మీకు వినపడుండాలి."

"వినపడింది."

"పిలవడం?"

"అదీ వినపడింది మేడమ్. ఊపిరి అందలేదు."

"మాట్లాడటానికి అందలేదు, సరే. చేత్తో తిరిగి తట్టొచ్చుగా? ఒక్కసారి. పైన మనిషున్నాడని తెలిసేది. నేను ఇంకాసేపు ఓర్చుకునేదాన్నేమో." గొంతు పెంచలేదు ఆవిడ. పిల్లాడు లెక్క ఎక్కడ తప్పాడో చూపిస్తున్నట్టే మాట్లాడింది. "ఆలస్యాలు అవుతుంటాయండీ. నేను దాని గురించి ఎప్పుడూ అనుకోలేదు. మీరు తలుపు అంత వెడల్పుగా ఎందుకు తీశారు? అంతమంది పిల్లల ముందు? వాళ్ళల్లో ముగ్గురు నా క్లాసే. కొంచెం సందు తీసి చూసి, వాళ్ళని పొమ్మంటే సరిపోయేది."

ఈ రెండు పనులూ అతని తలలోకి ఏనాడూ రాలేదు. ఆ రోజూ రాలేదు, గోదాముల వెనక పరిగెత్తిన పొద్దుల్లోనూ రాలేదు. ఆ రెంటికీ కాళ్ళ బలం అక్కర్లేదు. పొట్టతో, వణికే మోకాళ్ళతో, మెట్టు మీద కూలబడి ఉన్నప్పుడే చేసి ఉండగలిగేవాడు.

"మీరు చాలా చిక్కారు," అంది ఆవిడ లేస్తూ.

"అప్పట్నుంచీ పరిగెడుతున్నానండీ. సైకిలు, బరువులు కూడా. దాని వల్లే మొదలుపెట్టాను."

"మంచిది. ఆరోగ్యానికి మంచిది."

అతని చెవులు కాలిపోయాయి. "ఆ కట్ట ఇటివ్వండి, పైదాకా తెస్తాను," అన్నాడు. "వద్దు," అంది. "పోనీ నేను ఉన్నప్పుడు లిఫ్టు ఎక్కండి. నేను పక్కనే ఉంటాను." ఆవిడ రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కడం మొదలుపెట్టింది. అతను కూడా అటే పైకెళ్ళాలి. కానీ ఆవిణ్ణి దాటి వెళ్ళే ధైర్యం లేక, ఆవిడ తలుపు మూసుకున్న చప్పుడయ్యేదాకా ఆ కుర్చీ పక్కనే నిలబడ్డాడు.

ఇంటికెళ్ళి భార్యకి మొదటినుంచీ అంతా చెప్పాడు. ప్రతిదానికీ నవ్వే భార్య ఈసారి నవ్వలేదు.

"ఆవిడ మంచిది కాబట్టి సరిపోయింది," అంది. "నేనైతే మిమ్మల్ని చెప్పుతో కొట్టేదాన్నండీ." కాసేపాగి, "మనసులో అంత పెట్టుకుని నాకెందుకు చెప్పలేదు?" అంది.

సూపర్‌వైజర్‌కి కూడా చెప్పాడు. "ఎప్పటి మాట అది? ఇప్పుడెందుకు తవ్వడం?" అన్నాడాయన. భోజనాల గదిలో అందరిముందూ బ్రేకు సంగతి చెబితే మొదట జోకనుకుని నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే గిన్నెల్లోకి తలలు దించుకున్నారు.

కొన్నాళ్ళు పరుగు మానేశాడు. ఎందుకు పరిగెత్తాలో తెలియలేదు. కాళ్ళు మాత్రం పొద్దున్నే మెలకువ తెప్పించేవి. ఒకరోజు ఉండబట్టలేక వెళ్ళాడు. కుక్క దూరంనుంచే గుర్తుపట్టి తోక ఊపుతూ వచ్చింది. ఆ రోజు అతను ఎవరినుంచీ పారిపోతున్నట్టు లేదు, ఏదీ తీర్చుకుంటున్నట్టూ లేదు. ఉత్తినే పరిగెత్తాడు. అలా ఉత్తినే పరిగెత్తగలిగినందుకు కూడా కొంచెం సిగ్గేసింది.

ఆ మేడ పని మళ్ళీ తనకే ఇమ్మని అడిగి తీసుకున్నాడు. చలికాలంలో ఒకసారి తనిఖీకి వెళ్ళేసరికి మెట్ల మీద సామాన్లు దిగుతున్నాయి. లెక్కల టీచరు తన ఇల్లు రెండో అంతస్తు వాళ్ళతో మార్చుకుంటోంది. పై అంతస్తులో ఆవిడ గుమ్మం దగ్గర, లిఫ్టులో పట్టని బీరువాని నలుగురు కూలీలు అటూ ఇటూ తిప్పుతూ అవస్థ పడుతున్నారు. జింక సంచి కింద పెట్టి, చొక్కా చేతులు మడిచాడు. ఎలా వంగాలో, ఎక్కడ పట్టుకోవాలో అతనికిప్పుడు బాగా తెలుసు.

"నేనో చెయ్యి వేస్తాను మేడమ్," అన్నాడు.

"వాళ్ళు నలుగురున్నారు, చాలు," అంది ఆవిడ.

అతను మడిచిన చొక్కా చేతులతో అలాగే నిలబడ్డాడు. వెళ్ళిపోదామని సంచి అందుకోబోతుంటే ఆవిడ లోపలికెళ్ళి, గోడ మీంచి ఒక పాత గడియారం దించి తెచ్చింది. చెక్క పెట్టెలో లోలకం ఉన్నది.

"కూలీలకి ఇవ్వడం నాకిష్టం లేదు. దీన్ని వంచకూడదు," అంది. "నిటారుగా పట్టుకోవాలి. కుదిపితే ఆగిపోతుంది."

రెండు చేతులా అందుకున్నాడు. పసిపిల్లంత బరువు కూడా ఉండదు. జిమ్ములో అతను ఎత్తేదాని ముందు ఇదొక లెక్కే కాదు. అయినా అరచేతులకి చెమట పట్టింది. కూలీలు "జరగండి, జరగండి" అంటూ బీరువాతో దిగుతుంటే గోడకి ఒత్తుకుని నిలబడి దారి ఇచ్చాడు. తర్వాత ఒక్కో మెట్టూ, ముందు పాదం ఆనించి చూసుకుని, రెండో పాదం కలిపి, పెళ్ళికూతురు నడిచినంత నెమ్మదిగా దిగాడు. ఆవిడ రెయిలింగు పట్టుకుని వెనకాలే వస్తోంది.

రెండో అంతస్తు గుమ్మం దగ్గర ఆవిడ గడియారం తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"నడుస్తోంది," అంది.

లోపలికి రమ్మనలేదు. అతనూ ఎదురు చూడలేదు. మడిచిన చొక్కా చేతులు కిందికి లాక్కుని, సంచి కోసం మళ్ళీ పైకి బయల్దేరాడు. మోటారు గదిలో పని అలాగే ఉంది.